పాఠకుల ప్రశ్నలు: టోకున తోలు జాకెట్లు కొనే ముందు

ప్రశ్న: మేము ఇంతవరకు బట్ట జాకెట్లే అమ్మాము. ఈసారి ఒకే తయారీదారు దగ్గర 300 తోలు జాకెట్లు తీసుకోవాలని అనుకుంటున్నాము. ఆయన పంపిన శాంపిల్ చూడటానికి చాలా బాగుంది. డబ్బు పూర్తిగా చెల్లించే ముందు సరుకులో ఏమేమి చూడాలి? ఎన్ని పీసులు చూస్తే సరిపోతుంది?

జవాబు: శాంపిల్ బాగుండటం మంచిదే కాని, బట్ట విషయంలో దానిని నమ్మినంతగా తోలు విషయంలో నమ్మకూడదు. బట్ట ఒకే థాను నుంచి ఒకే తీరుగా వస్తుంది. ఒక్క జాకెట్టుకు మాత్రం అయిదారు గొర్రెతోళ్లు పట్టవచ్చు, వాటిలో ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. శాంపిల్ మీకు చెప్పేది ఆ అయిదారు తోళ్ల సంగతి మాత్రమే. అయినా దానిపై ఇరువురూ సంతకం చేసి, ముద్ర వేసి మీ దగ్గర ఉంచుకోండి. తరువాత వచ్చే ప్రతి వాదానికీ అదే కొలబద్ద అవుతుంది.

పరీక్షకు కూర్చునే ముందు లోపాలను ఒక ప్రశ్నతో విడదీయడం నాకు సరైన పద్ధతిగా కనిపిస్తుంది: ఈ లోపం ఇప్పుడున్నట్లే ఉండిపోతుందా, లేక తొడిగిన కొద్దీ పెరుగుతుందా? పశువు బతికి ఉండగా మానిన గీత, పిడుదులు కుట్టిన చుక్కలు, మెడ దగ్గరి ముడతలు, నరాల జాడలు మొదటి రకానికి చెందినవి. ఇవి రొమ్ము భాగంలోనో కాలరు మీదనో కనిపిస్తే అందం చెడుతుంది కనుక ఒప్పుకోనక్కరలేదు; చేతి అడుగు భాగంలోనో చంక కిందనో ఉంటే నేనైతే పట్టించుకోను. కొత్తగా కొనేవారు సాధారణంగా ఈ గీతల వెంటపడి, అసలు నష్టం చేసే రెండో రకాన్ని వదిలేస్తారు.

రెండో రకంలో ముందు చూడవలసినది పైపొర వదులుతనం. తోలును పైవైపు లోపలికి వచ్చేటట్లు మెల్లగా మడవండి. సన్నని ముడతలు పడి, చేయి వదలగానే కనిపించకుండా పోతే పొర బిగువుగా ఉన్నట్లు. లావైన మడతలు గొట్టాల్లాగా లేచి నిలిస్తే ఆ ముక్కను పొట్ట లేదా పక్కల భాగం నుంచి కోశారని అనుమానించాలి. మోచేయి దగ్గర, ముందుపల్లాల (జిప్‌కు ఇరువైపులా ఉండే ముందు భాగాల) అడుగున ఇది తప్పకుండా చూడండి, ఎందుకంటే కొద్దికాలం వాడేసరికి అక్కడ ముడతలు శాశ్వతంగా నిలిచిపోతాయి.

తరువాత పైపూత. ఈసారి పైవైపు బయటికి వచ్చేలా మడిచి, వేలికొన మీద కొంచెం సాగదీయండి. రంగులో సన్నని పగుళ్లు కనిపిస్తే పూత పెళుసుగా ఉన్నట్లు. అయితే నూనె, మైనం ఎక్కువగా పట్టించిన కొన్ని తోళ్లు లాగినప్పుడు రంగు తేలిపోయి, వదిలితే మళ్లీ సర్దుకుంటాయి. అది ఆ తోలు స్వభావమే, లోపం కాదు. పూత పట్టును తెలుసుకోవడానికి పారదర్శకమైన అంటుకునే టేపును కనిపించని చోట గట్టిగా నొక్కి ఒక్కసారిగా లాగాలి. టేపుకు రంగు పొలుసులు వస్తే ఆ జాకెట్టు రాబోయే కాలంలో ఎలా ఉంటుందో మీకు ముందే తెలిసినట్లు. ఈ పరీక్ష మచ్చ వదలవచ్చు కనుక, అమ్మకందారు అనుమతితో, అందుకోసం పక్కన పెట్టిన ఒకటి రెండు పీసుల మీదనే చేయండి.

రంగు వదలడం అన్నిటికంటె ఎక్కువ ఫిర్యాదులు తెచ్చే లోపమని నా అభిప్రాయం. తెల్లని నూలుగుడ్డను వేలికి చుట్టి పొడిగా పది పదిహేనుసార్లు రుద్దండి, ఆ తరువాత గుడ్డను తడిపి మరొక చోట అలాగే రుద్దండి. పొడిగుడ్డ తెల్లగా ఉండి తడిగుడ్డ నల్లబడితే సంతోషపడకండి, ఎందుకంటే కాలరు, ముంజేతి పట్టీ రోజూ చెమటకు తడిసేవే. ప్రయోగశాలలు ఈ పరీక్షను ఐఎస్‌వో (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 11640 పద్ధతిలో యంత్రంపై చేసి, 5 నుంచి 1 వరకు శ్రేణి ఇస్తాయి; 5 అంటే మరక పడలేదని, 1 అంటే బాగా పడిందని అర్థం. ఏ శ్రేణికి తగ్గకూడదో కొనుగోలు పత్రంలోనే రాయించుకోవచ్చు.

ఛాయ తేడాను పగటి వెలుగులో చూడాలి. పసుపు దీపం కింద ఒకటిగా కనిపించే రెండు ముక్కలు కిటికీ దగ్గరికి వచ్చేసరికి విడిపోవచ్చు. జాకెట్టును హ్యాంగరుకు తగిలించి రెండడుగులు వెనక్కి వెళ్లి, కుడి ఎడమ ముందుపల్లాలను, రెండు చేతులను, కాలరును ఒకదానితో ఒకటి పోల్చండి. వీపు అంతా ఒకే ముక్క కాకపోతే అక్కడ కూడా చూడాలి.

ఇక కుట్టు. బట్టలో తప్పు కుట్టు విప్పి మళ్లీ వేయవచ్చు, సూది రంధ్రం మూసుకుపోతుంది. తోలులో ఒకసారి పడిన రంధ్రం అలాగే ఉంటుంది. అందుచేత కుట్టు పక్కన ఖాళీ రంధ్రాల వరుస కనిపిస్తే అది విప్పి కుట్టిన పీసు అని తెలుసుకోండి. ఆ వరుస జేబు మూల దగ్గరో చంక దగ్గరో ఉంటే చిరుగు అక్కడి నుంచే మొదలవుతుంది. ఒక సెంటీమీటరుకు మూడు, నాలుగు కుట్లు సాధారణంగా సరిపోతాయి. కుట్లు మరీ దగ్గరగా వేస్తే గట్టిదనం పెరుగుతుందనుకోవడం పొరపాటు, తోలు తపాలా బిళ్లల కాగితంలాగా ఆ గీత వెంట చిరగడానికి సిద్ధమవుతుంది. చంక కుట్టును రెండు చేతులతో పట్టి ఒక మోస్తరు బలంతో లాగి చూడండి. అంచు మడతల్లో జిగురు సరిగా పట్టక ఉబ్బిన చోట్లు, కాలరులో బక్రం (బిగువు కోసం లోపల అంటించే గట్టి గుడ్డ) ఊడి అలలు లేచిన చోట్లు కూడా పెరిగే లోపాలే.

జిప్‌ను పది పదిహేనుసార్లు పూర్తిగా ఎక్కించి దించాలి. రన్నర్ ఎక్కడా పట్టకూడదు, మూసిన తరువాత కాలరు రెండు కొనలు, కింది అంచు రెండు కొనలు సమానంగా కలవాలి. టిచ్ బటన్‌ను వేళ్లతో తిప్పితే గుండ్రంగా తిరగకూడదు. కొలతలకు జాకెట్టును బల్లమీద పరిచి, ముందే ఒప్పుకున్న తేడా హద్దులో ఉందా లేదా చూసుకుంటే చాలు. రెండు చేతుల పొడవును మాత్రం వేర్వేరుగా కొలవండి.

తోలు లోపలివైపు లైనింగ్ కప్పేస్తుంది. జంతువును ఒలిచేటప్పుడు పడిన కత్తిగాట్లు అక్కడే దాక్కుంటాయి, పైనుంచి చూస్తే తెలియవు కాని ఆ చోట తోలు పలచబడి తేలికగా చిరుగుతుంది. చాలా జాకెట్లలో లైనింగ్‌ను చివరగా మూసిన కుట్టు చేతి లోపల ఉంటుంది. రెండు మూడు పీసులకు దానిని విప్పించి చూడండి. అంతకంటె మేలైనది, లైనింగ్ వేయకముందే ఒకసారి కర్మాగారానికి వెళ్లి చూడటం.

ఎన్ని పీసులన్న దానికి ఐఎస్‌వో 2859-1 ప్రమాణంలోని పట్టికలు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి. 300 పీసుల సరుకుకు, వాటిలో మామూలుగా వాడే రెండో సాధారణ తనిఖీ స్థాయిలో, 50 పీసులు చూడాలి. పెద్ద లోపాలకు ఏక్యూఎల్ (ఒప్పుకోదగిన లోపాల హద్దు, శాతంలో) 2.5, చిన్నవాటికి 4.0 అని పెట్టుకుంటే, ఆ 50లో పెద్ద లోపమున్నవి 3 వరకు ఉన్నా సరుకు తీసుకోవచ్చు, 4 ఉంటే తిరస్కరించాలి. చిన్న లోపాలకు ఆ అంకెలు 5, 6. లోపల విరిగిన సూదిముక్క వంటి ప్రమాదకరమైన లోపం ఒక్కటి కూడా ఉండకూడదు. ఏది పెద్దది, ఏది చిన్నది అన్న జాబితా ముందే రాసుకోకపోతే ఈ అంకెల వల్ల ప్రయోజనం లేదు. పెరిగే లోపాలన్నిటినీ పెద్దవాటిలో వేయమని నా సలహా. పరీక్షకు పెట్టెలను మీరే ఎంచుకోండి, అమ్మకందారు ముందుకు తోసిన పెట్టెలను కాదు.

ప్రశ్న: గోదాములో చూసిన నల్ల జాకెట్ల మీద తెల్లని పొర కనిపించింది. అమ్మకందారు అది తోలులోని కొవ్వు అని, తుడిస్తే పోతుందని అంటున్నారు. బూజు కాదని ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ఆయన చెప్పింది నిజం కావచ్చు, కాకపోనూవచ్చు; తేల్చుకోవడం కష్టం కాదు. జుట్టు ఆరబెట్టే యంత్రంతో ఆ చోట కొద్దిగా వెచ్చదనం తగిలేటట్లు చేయండి. కొవ్వు పొర అయితే కరిగి తోలులోకి ఇంకిపోతుంది, చల్లని చోట ఉంచితే మళ్లీ తేలవచ్చు. తడిగుడ్డతో తుడిస్తే పోయి, ఆరాక తిరిగి కనిపించేది లవణాల పొర. బూజు చుక్కలుగా, పింజలుగా ఉంటుంది, ముక్కవాసన వేస్తుంది, తరచుగా లైనింగ్ మీదకు కూడా పాకుతుంది. కొవ్వు పొరకు ధర తగ్గింపు అడిగి తీసుకోవచ్చునేమో కాని, బూజు పట్టిన పెట్టెను తుడిపించి తీసుకోవడానికి నేను ఒప్పుకోను. తేమ ఆరకముందే పాలిథీన్ సంచుల్లో బిగించి ఉండవచ్చు, కనుక అదే రోజు కట్టిన మిగతా పెట్టెలను కూడా తెరిపించండి. సంచిలో వేసే సిలికా జెల్ పొట్లాలు గాలిలోని కొద్దిపాటి తేమను పీల్చగలవు, తడి తోలును ఆరబెట్టలేవు.

ప్రశ్న: చీటీ మీద అసలైన తోలు అని రాసి ఉంటే చాలునా? కాల్చి చూడమని కొందరు చెబుతున్నారు.

జవాబు: ఆ మాట తోలు ఉందని చెబుతుంది, ఏ పొర అన్నది చెప్పదు. పైపొర తీసేశాక మిగిలిన అడుగుపొరకు పాలియురేథేన్ అనే ప్లాస్టిక్‌తో పలచని పూత వేసినా అది తోలే. భూతద్దంతో చూస్తే సహజమైన పైపొరలో రోమరంధ్రాలు ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరుగా ఉంటాయి. ఒకే నమూనా అన్ని ముక్కల మీద తిరిగి తిరిగి వస్తే అది అచ్చువేసిన గరుకుతనం. కోసిన అంచులో విడివిడిగా పోగులు కనిపించాలి. కాల్చే పరీక్షను నేను సిఫారసు చేయను: పీసు పాడవుతుంది, పైగా మంచి తోలు మీది పూత కూడా ప్లాస్టిక్ వాసన ఇచ్చి మిమ్మల్ని తప్పుదోవ పట్టించవచ్చు.

సరుకును ఐరోపా సమాఖ్యలో అమ్మదలచుకున్నవారు కంటికి కనిపించని మరొక విషయం చూడాలి. చర్మానికి తగిలే తోలు వస్తువుల్లో ఆరో స్థాయి క్రోమియం (క్రోమియం-6 అనే హానికర రూపం) కిలోకు 3 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉండకూడదన్న నియమం అక్కడ 2015 మే 1 నుంచి అమలులో ఉంది. ఐఎస్‌వో 17075 పద్ధతిలో చేసిన ప్రయోగశాల నివేదిక అడగండి. అందులోని తోలు రంగు, బ్యాచి సంఖ్య మీ సరుకుతో సరిపోలకపోతే ఆ కాగితాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ప్రశ్న: లోపాలున్న పీసులను బాగుచేసి ఇస్తామంటే ఒప్పుకోవచ్చా?

జవాబు: లైనింగ్ చిరుగు, ఊడిన బటన్, జిగురు మరక, వేలాడే దారం వంటివాటికి ఒప్పుకోవచ్చు. ముక్క మార్చి కుట్టినచోట ఛాయ తేడాకు, పాత రంధ్రాలకు అవకాశం ఎక్కువ. పగిలిన పూత మీద రంగు చల్లి తెచ్చిన పీసులు తాత్కాలికంగా కొత్తవిగా కనిపిస్తాయి. బాగుచేసిన ప్రతి పీసునూ, నమూనా లెక్కతో కాక, ఒక్కొక్కటిగా చూడండి, ముఖ్యంగా రంగు వేసిన చోట తడి తెల్లగుడ్డను మరొకసారి రుద్దించండి. ఆ పని అమ్మకందారు ఖర్చుతో జరగాలని ముందే పత్రంలో రాయించుకోవడం మంచిది.