అయిదు గంటలు చాలవు అల్లుడూ

అల్లుడూ,

మొన్న ఆదివారం అక్క ఇంట్లో భోజనాల దగ్గర నువ్వు విస్తరి ముందే రెండుసార్లు తూగావు. రెండోసారైతే చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. "రొయ్యల గుంట దగ్గర రాత్రిళ్ళు మేలుకుంటున్నాడులే" అని మీ అమ్మ సర్దిచెప్పింది. నువ్వేమో కళ్ళు నులుముకుని "నాకు అయిదు గంటలు చాలు మామా, అలవాటైపోయింది" అన్నావు. అందరి ముందూ అనడం ఇష్టంలేక ఊరుకున్నాను గానీ ఆ మాట నన్ను వదలడం లేదు, ఎందుకంటే నీ వయసులో అదే మాట నేనూ అన్నాను.

టంగుటూరు దగ్గర మన పొగాకు బ్యారన్, అదే పచ్చాకుని పొయ్యి వేడితో ఎండబెట్టే గది, నీకు గుర్తుండదు, నువ్వు పుట్టకముందే తీసేశాం. ఒక్కో దఫా ఆకు కాలడానికి అయిదారు రోజులు పట్టేది, రాత్రీ పగలూ ఎవరో ఒకరు వేడి చూస్తూనే ఉండాలి. ఆకు పసుపెక్కేదాకా మంట తక్కువ, ఆ తర్వాత ఈనె ఎండేదాకా మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవాలి. గోడకున్న చిన్న అద్దంలోంచి టార్చి కొట్టి లోపల వేలాడే థర్మామీటరు చూడటం నా పని. ఆ సీజనంతా నాలుగైదు గంటలే పడుకున్నాను, బాగానే ఉన్నాననుకున్నాను. ఒకరాత్రి మూడున్నరప్పుడు టార్చి కొట్టి చూశాను, అంకె కనబడింది, సరేననుకుని పొయ్యిలో ఇంకో రెండు కట్టెలు తోసి వచ్చి కూర్చున్నాను. నిద్రపోలేదు, ఒట్టు. తెల్లారి తలుపు తీస్తే నిమ్మపండు రంగులో ఉండాల్సిన ఆకు, వేలాడదీసిన కర్ర తర్వాత కర్ర, గోధుమ రంగుకి తిరిగిపోయి ఉంది. నేను చూసిన అంకె ఆ పూట ఉండాల్సిన దానికంటే ఇరవై డిగ్రీలు ఎక్కువ. చూసింది కన్నే, బుర్రకెక్కలేదు. ఆ బ్యారన్ ఆకు సగం ధరకి కూడా పోలేదు.

ఇన్నేళ్ళ తర్వాత నిద్ర గురించి చదువుతుంటే నాకు ఆ రాత్రి అర్థమైంది. 2003లో అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న మనుషుల్ని తీసుకుని కొందరికి 4 గంటలు, కొందరికి 6, కొందరికి 8 గంటల చొప్పున వరసగా 14 రాత్రులు పడుకోనిచ్చి రోజూ వాళ్ళ చురుకుదనం పరీక్షించారు. ఆరు గంటల వాళ్ళ బుర్ర కూడా రోజురోజుకీ మందగించి, చివరికి నిద్రే లేకుండా గడిపిన మనిషి స్థితికి వచ్చింది. అసలు సంగతి అది కాదు అల్లుడూ. మొదటి కొద్దిరోజుల తర్వాత వాళ్ళకి నిద్ర వస్తున్నట్టు పెద్దగా అనిపించలేదు, పనితనం మాత్రం కిందికి పోతూనే ఉంది. నువ్వు అలవాటు అంటున్నది ఇదే.

పెద్దవాళ్ళకి ఎంత కావాలంటే, 18 నుంచి 60 ఏళ్ళ వాళ్ళకి రాత్రికి 7 గంటలు, అంతకు తగ్గకూడదని అమెరికాలో నిద్ర వైద్యుల సంఘాలు 2015లో తేల్చి చెప్పాయి. కొందరికి ఎనిమిదో, తొమ్మిదో కావాలి. అరవై అయిదు దాటిన నాలాంటి వాళ్ళకీ 7, 8 గంటలు అవసరమే, ముసలితనానికి నిద్ర అక్కర్లేదనేది ఉత్తమాట, మాకు మధ్యలో మెలకువలు ఎక్కువ వస్తాయి అంతే. ఇదంతా నిజంగా నిద్రపోయిన సమయం లెక్క, మంచం మీద దొర్లింది, ఫోన్ చూసింది కలపొద్దు. తక్కువ నిద్రతో నిజంగా హాయిగా ఉండేవాళ్ళు లేకపోలేదు, దానికి కారణమైన జన్యువు ఒకటి 2009లో దొరికింది కూడా, కానీ అలాంటివాళ్ళు బహు అరుదు, పైగా వాళ్ళు అలారం లేకుండా లేస్తారు, పగలు తూగరు. నువ్వు విస్తరి ముందు తూగావు.

నీకెంత కావాలో నువ్వే తెలుసుకోవచ్చు. పట్టుబడి అయి, గుంట ఆరబెట్టిన రోజుల్లో ఓ పదిరోజులు ఒకే వేళకి పడుకుని అలారం పెట్టకుండా లేచి చూడు. మొదటి మూడు నాలుగు రోజులు తొమ్మిది, పది గంటలు పోతావు, అది పాత బాకీ, లెక్కలోకి తీసుకోకు. ఆ తర్వాత ఎన్ని గంటల దగ్గర నిలబడిందో అది నీది.

గుంట రాత్రిపూట మనిషిని అడుగుతుందని నాకు తెలుసు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ వేళకి నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగితే పంటే పోతుంది. అయితే రాత్రంతా నువ్వే కూర్చోవాలని ఎవరన్నారు? తెల్లవారుజాము నీకు ముఖ్యమైతే సాయంత్రం ఏడున్నరకే తినేసి ఎనిమిదికి పడుకో, మూడింటిదాకా పనివాణ్ణి చూడనివ్వు, ఏడు గంటలు ఒకే పట్టున వస్తాయి. కరెంటు పోతే మోగే అలారం ఒకటి పెట్టించు, గంటగంటకీ లేచి చూసే బాధ తప్పుతుంది. ముక్కలు ముక్కలుగా పడుకున్న ఏడు గంటలు, ఒక్క పట్టున పడుకున్న ఏడు గంటలతో సమానం కాదు. ఎనిమిదికి పడుకునేవాడివి మధ్యాహ్నం రెండు తర్వాత టీ ముట్టకు, అందులోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. మందు తాగితే నిద్రపడుతుందని నీ స్నేహితులు చెబుతారు, పట్టేమాట నిజమే, అర్ధరాత్రి దాటాక అదే నిద్రని చెడగొడుతుంది.

ఇంకొకటి, ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను. రాత్రంతా మేలుకుని పొద్దున్నే బండేసుకుని హైవే ఎక్కొద్దు. 17 గంటలకు పైగా మేలుకున్న మనిషి రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడిలా తడబడతాడని ఆస్ట్రేలియాలో పరీక్షించి చూశారు. మన చట్టంలో పట్టుకునే హద్దు 0.03. సింగరాయకొండ దగ్గర లారీల మధ్య అరక్షణం కన్నంటుకుంటే చాలు. షెడ్డులోనే కిటికీకి గోనెపట్టా కట్టి, చీకటి చేసుకుని పడుకుని, మెలకువొచ్చాకే బయలుదేరు.

నువ్వు గురక పెడుతూ మధ్యలో ఊపిరాగినట్టయి ఉలిక్కిపడి లేస్తున్నావని అమ్మాయి చెప్పింది. అది గంటలతో తీరేది కాదు, ఎనిమిది గంటలు పడుకున్నా తూగుతూనే ఉంటావు. ఒంగోలులో డాక్టరుకి చూపించుకోవాలి, వచ్చే వారం నేనే తీసుకెళ్తాను.

బుధవారం వస్తున్నాను. మధ్యాహ్నం ఇంటిదగ్గర బాగా పడుకునే వస్తా, మూడింటిదాకా గుంట దగ్గర పనివాడితో నేను కూర్చుంటాను. ఏరియేటర్ల స్విచ్చులేవో, జనరేటర్ ఎలా వెయ్యాలో వెలుతురుండగానే చూపించి నువ్వు పోయి పడుకో.

మీ మామ