‘ఉద్దేశం’ అని రాసినచోటల్లా ఆగి చూడమ్మా

అమ్మాయికి ఆశీస్సులు.

పొలం గట్టు తగాదాలో తమ్ముడు పారతో కొడితే అన్న చచ్చిపోయే నీ కోర్టు కథ రెండుసార్లు చదివాను. గట్టు తగాదా ముదిరిన తీరు, పంచనామా దగ్గర వదినగారు నోరు విప్పకుండా కూర్చోవడం బాగా కుదిరాయి. కథ కోర్టు మెట్లెక్కాక మాత్రం పట్టు జారింది. పబ్లిక్ ప్రాసిక్యూటర్ లేచి ‘ముద్దాయి ఉద్దేశం ఆస్తి’ అంటాడు. డిఫెన్సు లాయరు ‘మా వాడికి చంపే ఉద్దేశం లేదు’ అంటాడు. జడ్జిగారు ‘ఉద్దేశం రుజువు కాలేదు’ అని కేసు కొట్టేస్తారు. ముగ్గురూ ఒకే మాట వాడారు గానీ ఒకే సంగతి మాట్లాడలేదు. చదివేవాడికి అక్కడ వాదన నడుస్తున్నట్టే ఉండదు.

మన కోర్టుల్లో చట్టం ఇంగ్లీషుదే, తీర్పులూ ఎక్కువగా ఇంగ్లీషువే. ఆ భాషలో వీటికి వేరువేరు మాటలున్నాయి. మనిషిని పనికి ఉసిగొల్పింది మోటివ్. నీ కథలో గట్టు, పంపకాల్లో తమ్ముడికి జరిగిన అన్యాయం అలాంటివి. చెయ్యెత్తినప్పుడు అతను ఏం చేద్దామనుకున్నాడన్నది ఇంటెన్షన్. ఇలా చేస్తే ప్రాణం పోవచ్చని తెలిసి ఉండడం నాలెడ్జ్. హత్యా, కాదా అని తేల్చేటప్పుడు చట్టం చూసేది చివరి రెండింటినే. ఆస్తి కోసం చంపినా, చెల్లెల్ని ఏడిపించాడని చంపినా మోటివ్‌ని బట్టి సెక్షను మారదు.

అలాగని మోటివ్ పనికిరానిదీ కాదు. పాత సాక్ష్య చట్టంలో 8వ సెక్షను, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 6వ సెక్షను దానికోసమే ఉన్నాయి. అక్కడిచ్చిన ఉదాహరణ చూడు, అదే ఒక నవలకు సరిపోతుంది: ఒకడు ఒక హత్య చేశాడు, ఆ సంగతి తెలిసిన రెండోవాడు బయటపెడతానని బెదిరించి డబ్బు గుంజబోయాడు, ఆ రెండోవాడూ హత్యకు గురయ్యాడు. కళ్ళారా చూసిన సాక్షి లేని కేసులో మోటివ్‌కి బలం ఎక్కువ. నమ్మదగిన సాక్షి ఉంటే దాని అవసరం అంతగా ఉండదు. నీ కథలో పాలేరు దగ్గరే నిలబడి చూశాడు కదా. అలాంటప్పుడు ప్రాసిక్యూటరు చేత రెండు పేజీలు పంపకాల గురించి ఎందుకు మాట్లాడించావు? అనుభవమున్న ప్రాసిక్యూటరైతే ఆ సమయం దెబ్బ ఎక్కడ తగిలిందన్నదాని మీద పెడతాడు.

1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో 299వ సెక్షను కింద ఇంకో ఉదాహరణ ఉంది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 100వ సెక్షన్లోకి వచ్చింది. ఒకడు పరాయివాడి కోడిని చంపి ఎత్తుకుపోదామని తుపాకి పేల్చాడు. గుండు పొద వెనకున్న మనిషికి తగిలి అతను చచ్చిపోయాడు. అక్కడ మనిషున్నాడని కాల్చినవాడికి తెలియదు. వీడికి దురుద్దేశం ఉంది, కానీ అది కోడి మీద. మనిషి విషయంలో ఇంటెన్షన్ లేదు, నాలెడ్జ్ లేదు. కాబట్టి ఆ సెక్షను కింద నేరం కాదు. తెలుగులో ‘ఉద్దేశం ఉంది, లేదు’ అని ఊరుకుంటే ఈ కథ చెప్పలేం. ఏం చేద్దామని, ఎవరిని, ఏం తెలిసి అని మూడూ విప్పి చెప్పాలి.

ఇక నీ జడ్జిగారి సంగతి. చంపే ఉద్దేశం రుజువు కాలేదని ముద్దాయిని ఇంటికి పంపేశారు. అది చెల్లదమ్మా. 1958లో విర్సా సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచింది. అతను బల్లెంతో పొడిచింది ఒక్కపోటే, కడుపులో. తీర్పు రాసింది జస్టిస్ వివియన్ బోస్. చంపుదామనుకున్నాడా అన్నది అక్కడ ప్రశ్న కాదు. ఆ గాయం చేద్దామనే పొడిచాడా, మామూలుగా ప్రాణం తీయడానికి ఆ గాయం చాలా? రెండింటికీ అవునని తేలితే హత్యే. మరి నీ కథలో తమ్ముడు పార తిరగేసి నెత్తిన కొట్టాడు. దెబ్బ నెత్తి మీదే వెయ్యాలని వేశాడా, భుజం మీద వేస్తే అన్న వంగడం వల్ల నెత్తిన పడిందా? కేసంతా ఆ ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంటే నువ్వు ‘ఆవేశంలో కొట్టాడు’ అని దాటేశావు.

పోనీ, హత్య కాదని తేలిందనుకో. అప్పుడు పాత 304, కొత్త 105 సెక్షను వస్తుంది. అందులోనూ ఇంటెన్షన్‌తో చేస్తే యావజ్జీవం దాకా, నాలెడ్జ్ మాత్రమే ఉంటే పదేళ్ళ దాకా శిక్ష. కొత్త చట్టం అమల్లోకి వచ్చింది 2024 జూలై 1న. కొట్లాట అంతకుముందు జరిగితే విచారణ ఎప్పుడైనా పాత కోడ్‌లోని 302 (హత్యకు శిక్ష), 304లే. నీ కథ ఏ ఏడాదిదో ముందు తేల్చుకో.

ఇద్దరు కలిసి కొట్టినచోట వచ్చే కామన్ ఇంటెన్షన్ (వాళ్ళు కలిసి చేద్దామనుకున్నది) వేరు, అయిదుగురో అంతకన్నా ఎక్కువమందో గుమిగూడినప్పుడు వచ్చే కామన్ ఆబ్జెక్ట్ (ఆ గుంపు దేనికోసం చేరిందో అది) వేరు. రెండింటినీ ‘ఉమ్మడి ఉద్దేశం’ అని అనువదించి చేతులు దులుపుకోకు. నీ కథకి ఇప్పుడా బాధ లేదనుకో.

అసలు నాకు నచ్చనిది వేరే ఉంది. కోర్టులో వకీళ్ళు మోటివ్, ఇంటెన్షన్ అంటే అననీ, వాళ్ళు అలాగే మాట్లాడతారు. ఎఫ్ఐఆర్‌లో ‘చంపాలనే ఉద్దేశంతో’ అని ఉంటే అదీ సరే, స్టేషన్లో రాసేవాళ్ళ కలానికి అలవాటైన మాట అది. కానీ పాలేరు చేత కూడా ‘ఆయనకు కొట్టే ఉద్దేశం కనిపించింది’ అనిపించావే! పొలంలో పనిచేసేవాడు అలా అంటాడా? ‘కొడదామనే వచ్చాడండి’ అంటాడు. ‘కావాలనే కొట్టాడు’ అంటాడు. ‘బెదిరిద్దామని ఎత్తాడు, తగులుద్దనుకోలేదు’ అంటాడు. ఇంగ్లీషు నామవాచకాల్లో దాచే తేడాలను మన మాట క్రియ చివర్లోనే పలికిస్తుంది: కొట్టాలని, కొడదామని, కొట్టడానికి, కొట్టబోయి. ‘కొట్టబోయి’ ఒక్కదానిలో ఎంత కథ ఉందో చూడు. క్రాస్ ఎగ్జామినేషన్లో డిఫెన్సు లాయరు పాలేరుని ఆ మాట దగ్గరే పట్టుకోవాలి. ‘కొడదామని వచ్చాడని నువ్వెట్లా చెప్పగలవు, అతని మనసులోకి దూరావా?’ అని అడగనీ. పాలేరు తడబడనీ. ఇప్పుడు చప్పగా ఉన్న నీ రెండో భాగం అక్కడ లేస్తుంది.

లక్ష్యం, ధ్యేయం, ఆశయం లాంటివి ఈ కథలో ఎక్కడా వద్దు. ‘తమ్ముడి లక్ష్యం గట్టు’ అని ఒకచోట రాశావు, అది పేపరు హెడ్డింగులా ఉంది. కొట్టెయ్యి.

ఇంకొకటి అడగాలి. ఆ పార తమ్ముడు ఇంటి దగ్గర్నుంచి భుజాన వేసుకొచ్చాడా, అన్న నీళ్ళు కట్టడానికి తెచ్చి గట్టు మీద పెట్టుకున్నదా? తెచ్చుకున్నదైతే ప్రాసిక్యూటరు దాన్ని వదలడు. అక్కడ దొరికిందైతే డిఫెన్సు వదలడు. నీ కథలో అది ఎక్కడా లేదు. తేల్చుకుని, పాలేరు సాక్ష్యం తిరగరాసి, ఆ రెండు అధ్యాయాలే పంపు. మొదటి భాగం జోలికి పోకు.

ఉంటాను.