ఇంగ్లిష్ పీరియడ్‌లో పిల్లలు నోరు విప్పకపోతే

క్లాసులో పిల్లలు ఇంగ్లిష్ మాట్లాడటం లేదు, ఏం చేయాలని గాజువాక నుంచి ఒక ఇంగ్లిష్ టీచర్ ఉత్తరం రాశారు. టీచర్ గారూ, బయట గలగలా మాట్లాడే మీ తొమ్మిదో తరగతి పిల్లలు ఇంగ్లిష్ పీరియడ్‌లో బిగుసుకుపోవడానికి కారణం చాలావరకు మీరు రాసినదాంట్లోనే ఉంది: "తప్పు రాగానే అక్కడికక్కడే సరిచేస్తున్నాను". నలుగురిలో నవ్వులపాలైన పిల్లాడు మళ్లీ చెయ్యెత్తడు.

1. వాక్యం మధ్యలో ఆపకండి. "యెస్టర్‌డే ఐ గో టు ఆర్కే బీచ్" అంటే, "ఓ, యూ వెంట్ టు ఆర్కే బీచ్? హూ కేమ్ విత్ యూ?" అని మాటల్లోనే సరైన రూపం వినిపించండి. మిగతా తప్పులు పేర్లు లేకుండా రాసుకుని, చివరి 5 నిమిషాల్లో బోర్డు మీద అందరిచేతా దిద్దించండి.

2. ఎక్కువమంది వదిలేసేది ఇదే: ప్రశ్న అడిగాక ఆగడం. టీచర్లు సగటున ఒక్క సెకను కూడా సరిగా ఆగరని అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లోనే గమనించారు. 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, వెనకబడ్డ పిల్లలూ మాట్లాడారు. మీవాళ్లు తెలుగులో అనుకుని ఇంగ్లిష్‌లోకి తెచ్చుకోవాలి కాబట్టి మనసులో 5 లెక్కపెట్టండి. ఆలోపు ప్రశ్న మళ్లీ చదవొద్దు, ఎవరి పేరూ పిలవొద్దు, "కమాన్, ఫాస్ట్" అసలే వద్దు. మొదట్లో ఆ నిశ్శబ్దం మీకే ఇబ్బందిగా ఉంటుంది, ఉండనివ్వండి. అప్పటికీ రాకపోతే ఒక నిమిషం పక్కవాళ్లతో చెప్పుకోనిచ్చి మళ్లీ అడగండి.

3. నవ్వినవాణ్ణి నిలబెట్టి అదే ప్రశ్న వేయకండి, ఇంగ్లిష్ శిక్షైపోతుంది. పీరియడ్ అయ్యాక విడిగా చెప్పండి.

4. తెలుగు మాట్లాడితే 5 రూపాయల ఫైన్ వేస్తున్నానని కూడా రాశారు. రేపే తీసేయండి.