డ్రై వైట్ వైన్ పోస్తే సాస్ చేదెక్కుతోందా?

ప్రశ్న: చికెన్ సాస్ రెసిపీలో అర కప్పు డ్రై వైట్ వైన్ (అంటే తీపి లేనిది) అని ఉంటే షార్డొనే అనే రకం తెచ్చి పోశాను. సాస్ చేదుగా వచ్చింది, క్రీమ్ కూడా విరిగింది. ఏ వైన్ కొనాలి? ఉడికితే ఆల్కహాల్ మొత్తం పోతుందంటారు కదా, పిల్లలకు పెట్టవచ్చా?

జవాబు: ముందు పిల్లల సంగతి, అదే ముఖ్యం. మొత్తం పోతుందన్నది నిజం కాదండీ. ఆల్కహాల్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది కాబట్టి ఇట్టే ఆవిరైపోతుందనుకుంటారు గానీ, నీళ్లలో కలిశాక అది అంత తేలిగ్గా వదలదు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల్లో 15 నిమిషాలు సిమ్‌లో ఉడికించాక కూడా సుమారు 40 శాతం మిగిలింది, రెండున్నర గంటలకు 5 శాతానికి వచ్చింది. అందుకే పిల్లలకు వండేటప్పుడు వైన్ మానేసి, చికెన్ స్టాక్‌లో కాస్త నిమ్మరసం పిండండి. వంటలో వైన్ ఇచ్చేది ముఖ్యంగా పులుపే.

ఇక చేదు. కొన్ని షార్డొనేలను ఓక్ పీపాల్లో ఉంచుతారు, ఆ చెక్క రుచి గ్లాసులో బాగానే ఉంటుంది, మరిగి చిక్కబడేసరికి చేదు పైకి తేలుతుంది. మీ సీసా అలాంటిదే అయి ఉండొచ్చు. సావిన్యాన్ బ్లాంక్ గానీ పినో గ్రీజియో గానీ తీసుకోండి, తీపి ఉండదు, పులుపు బాగుంటుంది. ఖరీదైనది అక్కర్లేదు, ఆ సున్నితమైన వాసనలు మంట మీద ఎలాగూ నిలవవు. కుకింగ్ వైన్ అని అమ్మేది మాత్రం వద్దు, అందులో సాధారణంగా ఉప్పు కలుపుతారు, సాస్ ఇగిరేకొద్దీ ఉప్పుకషాయమైపోతుంది.

క్రీమ్ విరగడం వరసలో తేడా వల్ల కావచ్చు. చికెన్ తీసేశాక పాన్ అడుగున గోధుమరంగు పొర అంటుకుని ఉంటుంది చూడండి, మాడనంతవరకూ అసలు రుచంతా అక్కడే ఉంది. స్టవ్ ఆపి వైన్ పోయండి, మళ్లీ వెలిగించి చెక్క గరిటెతో గీకుతుంటే పొర కరిగి వైన్‌లో కలిసిపోతుంది. ముక్కుకు కొట్టే ఘాటు తగ్గి, సగానికి పైగా ఇగిరాకే స్టాక్ పోయాలి. క్రీమ్ చివర్లో, సన్నటి మంట మీద. పలచటి క్రీమ్ పులుపుకు విరిగిపోతుంది, కొవ్వు ఎక్కువున్న చిక్కటిది తట్టుకుంటుంది.

మిగిలిన వైన్‌ను మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు వంటకు పనికొస్తుంది, లేదా ఐస్ ట్రేలో గడ్డకట్టించుకోండి. ఎప్పుడో గానీ వాడనివాళ్లు డ్రై వెర్మూత్ (మూలికలు వేసి, ఆల్కహాల్ కాస్త పెంచిన వైన్) కొనుక్కోవడం మేలు, తెరిచాక కూడా ఫ్రిజ్‌లో వారాల తరబడి ఉంటుంది.