హైడ్రోపోనిక్స్‌లో (మట్టి లేకుండా నీళ్ళలో మొక్కలు పెంచడం) నీళ్ళ పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణం కొలత, 6కి తెచ్చినా మర్నాటికి 7.5 అయిపోతోంది, మొలకలు పసుపు రంగుకి తిరుగుతున్నాయి. ఏం చేయాలి?

ముందు ఆ కొత్త పీహెచ్ మీటరు కొనడం ఆపండి. ఈపాటికి కార్ట్‌లో పెట్టేసే ఉంటారు, నాకు తెలుసు. నేనూ అదే చేశాను. ఇప్పుడు మా ఇంట్లో రెండు మీటర్లున్నాయి, రెండూ మొదటి రోజు నుంచీ నిజమే చెప్పాయి.

మాది మియాపూర్ వైపు అపార్ట్‌మెంట్. రెండేళ్ళ కిందట నవంబరులో బాల్కనీలో ఇరవై లీటర్ల టబ్బు, అక్వేరియం గాలి పంపు, ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక కిట్టు పెట్టుకుని మొదలుపెట్టాను. స్పాంజి ముక్కల్లో లెట్యూస్, పాలకూర గింజలు వేశాను. లెట్యూస్ మూడో రోజుకే మొలిచింది, పాలకూర వారం తీసుకుంది. మారాకు తొడిగినప్పుడు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫొటోలు కూడా పెట్టాను. అక్కడే దిష్టి తగిలిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

మూడో ఆకు దగ్గర కథ అడ్డం తిరిగింది. కొత్తగా వచ్చే ఆకు నిమ్మపండు రంగులో వచ్చింది. ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలి, ఆకు మీద సన్నటి వల పరిచినట్టుంది. కింది విత్తనాకులు శుభ్రంగా పచ్చగానే ఉన్నాయి. ఇది గుర్తుపెట్టుకోండి: పసుపు కింది ముదురు ఆకుల నుంచి మొదలైతే ఎక్కువగా నత్రజని చాలనట్టు. పైన లేత ఆకులో, ఈనెలు వదిలేసి మొదలైతే అది ఇనుము. మీరు ఏ ఆకు అన్నది రాయలేదు, కానీ 7.5 అన్నారు కాబట్టి ఇనుమే అని పందెం కాస్తాను. ఇనుము టబ్బులో లేక కాదు, ఉన్నా పీహెచ్ పెరిగాక మొక్కకి అందే రూపంలో ఉండదు. చవక కిట్లలో సాధారణంగా వచ్చేది ఈడీటీఏ అనే పదార్థం పట్టి ఉంచే ఇనుము, పీహెచ్ 6.5 దాటితే అది చేతులెత్తేస్తుంది.

ఆ రాత్రి పదింటికి మీటరు 7.6 చూపించింది. ఫాస్ఫారిక్ యాసిడ్ చుక్కలు చుక్కలుగా వేసి 6కి తెచ్చి హాయిగా పడుకున్నాను. పొద్దున్నే చూస్తే 7.3. మళ్ళీ యాసిడ్. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి 7.2. మూడో రోజుకి మీటరు మీద అనుమానం వచ్చింది. ఒక వీడియోలో పెద్దమనిషి డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి 7 చూపిస్తే మీటరు మంచిదే అన్నాడు. ముంచాను, 5.8 చూపించింది. ఇంకేముంది, మీటరు పోయిందనుకుని కొత్తది ఆర్డరు పెట్టేశాను. గాలి తగిలిన డిస్టిల్డ్ వాటర్ కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని 5.6 దాకా దిగడం మామూలే అని తర్వాత తెలిసింది. మీటరు సరిచూడాలంటే 4.01, 6.86 అని రాసిన బఫర్ పొడి ప్యాకెట్లు దొరుకుతాయి, ఒక్కోదాన్ని విడిగా డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, మీటరు ప్యాకెట్ మీది అంకే చూపిస్తోందా చూడండి. వీడియోలు చేసేవాళ్ళు ఆ ప్యాకెట్ల సంగతి ఎందుకు చెప్పరో నాకిప్పటికీ అర్థం కాదు.

సరిగ్గా అప్పుడే మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. వచ్చిన రెండో రోజు కందిపప్పు కుక్కర్‌లో పెట్టింది. ఆరు విజిల్స్ తర్వాత మూత తీస్తే బద్దకి బద్ద విడివిడిగా ఉంది. గరిటెతో ఒక బద్ద తీసి గట్టు మీద నొక్కి చూసి, "ఏం నీళ్ళురా ఇవి? అక్కడ కాలవ నీళ్ళకి మూడు విజిల్స్‌కే మెత్తబడేది. రేపట్నుంచి పప్పుకి ఫిల్టరు నీళ్ళే పోస్తా" అంది. నేను అప్పుడు బాల్కనీలో ఐదోసారి యాసిడ్ సీసా మూత తిప్పుతున్నాను. నా చేతిలో సీసా చూసి, "పప్పే ఉడకని నీళ్ళురా, మొక్క ఎట్లా తాగుద్ది?" అని లోపలికెళ్ళిపోయింది.

అంతవరకూ నేను నీళ్ళ గురించి ఆలోచించనే లేదు. గీజర్ రాడ్డు మీద సున్నం చెక్కలా కడుతోంది, కుళాయి మూతికి తెల్ల పొర, స్టీలు గ్లాసు ఆరితే మరకలు. అన్నీ రోజూ చూస్తున్నవే. ఫిల్టర్‌తో వచ్చిన టీడీఎస్ పెన్ను (నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచేది) పెట్టి చూస్తే బోరు నీళ్ళు 900 పైన, ఫిల్టరు నీళ్ళు 60. కిట్టు వాడు ఏడు పేజీల కాగితంలో 'నీళ్ళు పోయండి' అని రాశాడు తప్ప ఏ నీళ్ళో రాయలేదు.

జరిగేది ఏమిటంటే, మన బోరు నీళ్ళలో బైకార్బొనేట్, అంటే యాసిడ్‌ని విరిచేసే లవణం, దండిగా ఉంటుంది. మీరు పోసిన యాసిడ్ అందులో కొంత భాగాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ గ్యాసు నీళ్ళలో ఉన్నంతసేపు పీహెచ్ కిందే ఉంటుంది. రాత్రంతా గాలి పంపు దాన్ని బయటికి తోలేస్తుంది, గోలీసోడా కొట్టి వదిలేస్తే చప్పబడినట్టే. మిగిలిన బైకార్బొనేట్ పీహెచ్‌ని మళ్ళీ పైకి లాగుతుంది. అది అరిగేదాకా మీరు ఎన్నిసార్లు 6కి తెచ్చినా ఒకటే. పప్పు ఉడకనివ్వనిది కాల్షియం, మెగ్నీషియం, పీహెచ్ లాగేది బైకార్బొనేట్, రెండూ ఒకటి కాదని కెమిస్ట్రీ చదివినవాళ్ళు వాదిస్తారు. నిజమే. కానీ మన బోర్లలో రెండూ జంటగానే తిరుగుతాయి, నాకు కుక్కర్ పరీక్ష చాలు.

నేను చేసింది ఇది. టబ్బు పారబోసి, మూడు పాళ్ళు ఆర్‌ఓ నీళ్ళు (ఇంట్లో ఫిల్టరు నీళ్ళే), ఒక పాలు బోరు నీళ్ళు కలిపాను. అందులో ఎరువు వేసి కలిపాక యాసిడ్‌తో 5.8కి తెచ్చి, మొక్కలు పెట్టకుండా గాలి పంపుతో ఒక రాత్రి వదిలేశాను. పొద్దున 6.2. అప్పుడు మొక్కలు పెట్టాను. పూర్తిగా ఆర్‌ఓ నీళ్ళే పోస్తే ఇంకో తంటా: ఆపేది ఏమీ లేక రెండు చుక్కలు ఎక్కువైతే చాలు, పీహెచ్ దబ్బున కిందకి పడిపోతుంది. కొంచెం బోరు నీళ్ళు ఉంటే కాల్షియం, మెగ్నీషియం కూడా కాస్త అందుతాయి. ఎరువు కూడా చిన్న మొక్కకి డబ్బా మీద రాసినంత వద్దు, సగం చాలు. కిట్టులో ఎరువు రెండు సీసాలుగా వస్తుంది, ఆ 'ఏ' సీసా, 'బీ' సీసా ఒకేసారి చిక్కగా కలపకండి, కాల్షియం గడ్డకట్టి అడుగున కూర్చుంటుంది. యాసిడ్‌ని నీళ్ళలో పోయాలి, నీళ్ళని యాసిడ్‌లో కాదు. చేతికి గ్లవ్స్ వేసుకోండి. బ్యాటరీ యాసిడ్ వాడమని చెప్పేవాళ్ళు ఉంటారు, వాళ్ళ మాట వినకండి. నిమ్మరసం కూడా వద్దు, రెండ్రోజుల్లో సూక్ష్మజీవులు తినేసి టబ్బు జిగురెక్కుతుంది, పీహెచ్ మళ్ళీ పైకే.

మా ఫ్లోర్‌లో ఒకాయన ఆర్‌ఓ ఫిల్టరు వదిలేసే నీళ్ళు పట్టి మొక్కలకి వాడమన్నారు, నీళ్ళు వృథా కావట కదా. ఆ నీళ్ళలో ఉప్పులన్నీ ఇంకా చిక్కబడి ఉంటాయి. గచ్చు కడుక్కోండి, టబ్బులో మాత్రం పోయకండి.

మా ఊళ్ళో తెలిసినవాళ్ళయితే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉన్న లవణం) చల్లమంటారు. సున్నపు నేలల్లో వేరుశనగ పసుపెక్కితే లీటరుకి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకు మీద కొట్టడం మనవాళ్ళకి పాత అలవాటే. రోగం ఇదే, నిజమే. కానీ అది చేలో పైరుకి. నాలుగాకుల లెట్యూస్ మీద కొట్టి ఆకు మాడ్చుకోకండి.

పసుపెక్కిన ఆకులు పూర్తిగా కోలుకోలేదు. ఆరో రోజుకి వచ్చిన కొత్త ఆకు మాత్రం పచ్చగా వచ్చింది, నేను దాన్నే లెక్కపెట్టుకున్నాను. పన్నెండు మొక్కల్లో తొమ్మిది బతికాయి. మూడు కాడ దగ్గర నల్లబడి వాలిపోయాయి, అది నారుకుళ్ళు. స్పాంజిని ఎప్పుడూ నానబెట్టి ఉంచిన నా పుణ్యమే, దానికీ పీహెచ్‌కీ సంబంధం లేదు.

వేసవిలో ఇదంతా మళ్ళీ మొదటికొస్తుంది. బోరు తగ్గి ట్యాంకర్ వస్తుంది, ఒక్కో వారం ఒక్కో రకం నీళ్ళు సంపులో పడతాయి. అసోసియేషన్ వాళ్ళని ఈ వారం నీళ్ళు ఎక్కడివని అడిగితే నన్ను పిచ్చివాడిలా చూస్తారు. ఏప్రిల్, మే నెలల్లో లెట్యూస్ జోలికే వెళ్ళకండి, 30 డిగ్రీలు దాటితే గింజే సరిగ్గా మొలవదు. తోటకూర వేసుకోండి.

మీది ఏ ఊరో, బోరు నీళ్ళో మున్సిపల్ నీళ్ళో రాయలేదు. పసుపు ఏ ఆకు నుంచి మొదలైందో ఫొటో పెట్టండి. అలాగే మీ ఇంట్లో కందిపప్పు ఎన్ని విజిల్స్‌కి ఉడుకుతుందో కనుక్కుని రాయండి.