రిపోర్టు చూసి కూడా నమ్మొచ్చా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది చీరాల దగ్గర పల్లె. నా భర్తకు 44 ఏళ్లు, మగ్గం నేసేవారు. రెండేళ్ల కిందట కిడ్నీలు రెండూ పోయాయన్నారు. వారానికి మూడుసార్లు డయాలసిస్. మగ్గం అమ్మేశాం, నా గాజులు తాకట్టులో ఉన్నాయి. కిందటి డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నేను తీసిన వాగ్దాన కార్డు మీద స్వస్థత గురించిన వాక్యమే వచ్చింది. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను, దాన్ని బియ్యం డబ్బా మీద అంటించుకున్నాను. మళ్లీ డిసెంబరు వచ్చేస్తోంది, రిపోర్టులో అంకె పెరగడమే గానీ తగ్గింది లేదు. మా ఆడపడుచు ‘నీకు నిజంగా విశ్వాసం ఉంటే ఈపాటికి వాడు లేచి తిరిగేవాడు’ అంటోంది. ఈమధ్య కూటాలకు వచ్చిన ఒక ప్రసంగీకుడు, సూదులనూ మిషన్లనూ నమ్ముకున్నంత కాలం దేవుడు కార్యం చేయడని చెప్పారు. అప్పట్నుంచి మా ఆయన ఒక వారం డయాలసిస్ మానేసి చూద్దామంటున్నారు. నాకు భయంగా ఉంది. భయపడటం అవిశ్వాసమా? దేవుడికి శక్తి ఉందని నేను నమ్ముతూనే ఉన్నాను, మరి నాకెందుకు చూపించడు?
- ఒక సోదరి

జవాబు: అమ్మా, మిగతా సంగతులు తర్వాత. డయాలసిస్ ఒక్క పూట కూడా మానొద్దు. ఈ పత్రిక మీ చేతికొచ్చేలోపే మానేసి ఉంటే చదవడం ఇక్కడే ఆపి ఆసుపత్రికి బయల్దేరండి. కిడ్నీలు పనిచేయని ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుపోతాయి, పొటాషియం హెచ్చితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. దేవుణ్ని పరీక్షించడానికి మీ ఆయన ప్రాణం పందెం కాయకండి. ఆ ప్రసంగీకుడి సంగతి నాకు తెలియదు గానీ, మందులు వద్దని బల్ల గుద్ది చెప్పేవాళ్లలో చాలామంది కళ్లజోడు పెట్టుకునే చెబుతారు. నేనైతే పొద్దున్నే ప్రార్థన చేసుకుని, లేచి షుగరు మాత్ర వేసుకుంటాను. ఇరవై ఏళ్లుగా ఈ రెండింటికీ నా ఇంట్లో గొడవ రాలేదు.

హిజ్కియా రాజు చావు జబ్బున పడ్డాడు. గోడ వైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు, ఇంకో 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడు మాటిచ్చాడు. ఆ మాట మోసుకొచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ఆయుష్షు ఖాయమైపోయాక ఇంక ఈ ముద్దెందుకండీ అని రాజు అడగలేదు, వేయించుకున్నాడు. మీ ఆయనకు ఈ మాట నా మాటగా చెప్పండి.

ఇక మీ భయం. పౌలు రోమా సంఘానికి రాస్తూ అబ్రాహాము సంగతి ఎత్తుతాడు కదా. ఆయన నూరేళ్లకు దగ్గరపడ్డాడు, శారమ్మకు పిల్లలు పుట్టే వయసు ఎప్పుడో దాటింది. మన తెలుగు బైబిల్లో అక్కడ మృతతుల్యము అనే మాట పడింది, అంటే చచ్చినదానితో సమానం. తన ఒళ్లూ ఆమె గర్భమూ అలా ఉన్నాయని ఆయన ఆలోచించాడట, ఆలోచించాక కూడా నమ్మాడట. మన భాషలో చెప్పాలంటే కిడ్నీల పనితీరు చూపించే క్రియాటినిన్ రిపోర్టు పరుపు కింద దాచేసి నమ్మలేదు, చేత్తో పట్టుకుని అంకె చదివి నమ్మాడు. మీరు రిపోర్టు చదివి భయపడుతున్నారంటే కళ్లు తెరుచుకుని ఉన్నారన్నమాట, అందులో అవిశ్వాసం ఏముంది? పైగా ఆ అబ్రాహామే ప్రాణభయంతో పెళ్లాన్ని పట్టుకుని చెల్లెలని చెప్పాడు, ఒకసారి కాదు రెండుసార్లు. అయినా ఆయన్ని విశ్వాసులకు తండ్రి అనే అంటున్నాం. మీ ఆడపడుచు గారికి ఇది తెలిసే ఉంటుంది, గుర్తుండకపోవచ్చు.

వాగ్దాన కార్డు గురించి ఒక మాట చెప్పాలి, సంఘకాపరులు కొందరికి కోపం వచ్చినా సరే. ఆ కార్డులు మేమూ పంచుతాం. డిసెంబరులో ప్రెస్సులో వందల లెక్కన వేయించి, పళ్లెంలో పోసి, బల్ల మీద పెడతాం, అర్ధరాత్రి దాటాక వరసలో వచ్చి ఒక్కొక్కరూ ఒకటి తీసుకుంటారు. వాక్యం దేవునిదే, అందులో అనుమానం లేదు. మళ్లీ డిసెంబరు 31 లోపు జరిగి తీరాలన్న గడువు మాత్రం మనం పెట్టుకున్నది. గ్యాస్ సిలిండర్ బుకింగ్ లాగా దేవుడికి మనం మెసేజ్ పెట్టి ఇన్ని రోజుల్లో డెలివరీ అని కూర్చోవడం ఎప్పుడు అలవాటైందో గానీ, దానివల్ల మీలాంటి వాళ్లు జనవరి వస్తుందంటే వణికిపోతున్నారు.

మీకు దగ్గరి సంగతే ఒకటి చెబుతాను. ఒంగోలులో ప్రార్థన కొండ మీరు చూసే ఉంటారు. అమెరికా బాప్టిస్టులు తెలుగువాళ్ల మధ్య 1836లో మొదలుపెట్టిన పనికి, నెల్లూరులో స్థిరపడిన తర్వాత కూడా చెప్పుకోదగ్గ ఫలితం లేకపోయింది. మూసేద్దామా అని అమెరికాలోని మిషన్ పెద్దలు 1848లో ఒకసారి, 1853లో ఇంకోసారి కూర్చుని చర్చించుకున్నారు. ఒంటి నక్షత్రం మిషన్ అనే పేరు అప్పుడే పడింది. అలాంటి రోజుల్లో, 1854 జనవరి 1న తెల్లవారుతుండగా, మిషనరీ జూయెట్ దొర, దొరసాని, వాళ్లతో జూలియా అనే ఆమె, ఇంకో ఇద్దరు తెలుగు విశ్వాసులు, మొత్తం అయిదుగురు ఆ కొండెక్కి ప్రార్థించారు. దొర కిందికి చెయ్యి చూపించి, అదుగో నాగజెముడు పొదలతో నిండిన ఆ మిట్ట, మన బంగళాకు బాగుంటుంది కదా జూలియా అని అడిగాడట. తర్వాత మిషన్‌కు దొరికింది ఆ జాగాయే అంటారు.

కొండ దిగాక ఏం జరిగింది? మర్నాడు ఏమీ జరగలేదు. ఆ ఏడాదీ జరగలేదు. మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో, అంటే పన్నెండేళ్లకు. ఇంకో పదేళ్లకు ధాత కరువు వచ్చిపడింది, 1876 నుంచి 78 దాకా, జనం పిట్టల్లా రాలిపోయారు. క్లౌ సర్వే పని తెలిసిన మనిషి కాబట్టి బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పార, గంప ఇచ్చి కూలి ఇప్పించాడు. ఆ కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మం అడిగినవాళ్లకు ఇవ్వలేదు, కూటి కోసం కలిశారనే మాట రాకూడదని. పని ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు.

మా పాస్టర్లకు ఒక దురలవాటుంది తల్లీ, నాకూ ఉంది. కొండ మీద ప్రార్థన సంగతి చెప్పి, ఊపిరి తీసుకోకుండా 2,222 దగ్గరికి దూకేస్తాం. మధ్యలో ఇరవై నాలుగేళ్లు మింగేస్తాం. మీరిప్పుడు ఉన్నది ఆ మింగేసిన ఏళ్లలో. కొండ దిగి ఇంటికొచ్చి జూలియా పొయ్యి రాజేసుకుని ఉంటుంది, మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కరువులో కాలువ గట్టున కన్నుమూసినవాళ్లలో ప్రార్థించినవాళ్లు కూడా ఉండే ఉంటారు. వాళ్లకు విశ్వాసం చాల్లేదని నేను అనలేను. మీ ఆయన ఫలానా నెలకు బాగవుతారని కూడా రాసివ్వలేను, అలా ఎవరైనా రాసిస్తే ఆ కాగితం తీసుకోకండి. అగ్నిగుండం ముందు నిలబడిన ఆ ముగ్గురు కుర్రాళ్లు బబులోను రాజుతో, మా దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ బొమ్మకు మొక్కం అన్నారు. ఆ రెండో సగం చెప్పడానికి మొదటి సగం కంటే ఎక్కువ గుండె కావాలి.

దేవుడి శక్తి నాకెందుకు చూపించడు అన్నారు. సారెపతు విధవరాలి పిండితొట్టి గుర్తుందా? పట్టెడు పిండి, బుడ్డిలో కాస్త నూనె, రెండు పుల్లలు ఏరుకుని ఆఖరి రొట్టె చేసుకుని తిని చచ్చిపోదామనుకుంది. ఏలీయా ప్రవక్త వచ్చాక ఆ తొట్టి నిండిందని ఎక్కడా లేదు. అయిపోలేదని మాత్రమే ఉంది. నేను ఆ వచనం చదివినప్పుడల్లా ఆవిడ చెయ్యి కనబడుతుంది నాకు, పొద్దున్నే తొట్టిలో పెట్టి అడుగు గీరితే, ఇవాళ్టికి సరిపడా వేళ్లకు తగులుతుంది. రేపటిది కనబడదు. మీ ఇంట్లో రెండేళ్లుగా వారానికి మూడుసార్లు జరుగుతున్నది ఏమిటో, ఆ బియ్యం డబ్బా మూత తీసేటప్పుడు ఒకసారి ఆలోచించండి.

కాస్త లోకజ్ఞానం కూడా. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది, ఇంకా పెట్టుకోకపోతే సచివాలయంలో అడగండి. కిడ్నీ మార్పిడికి ఆయన ఒళ్లు తట్టుకుంటుందో లేదో డాక్టరు గారిని సూటిగా అడిగి, ఔనంటే అవయవదానం కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో పేరు రాయించండి. ఆడపడుచు గారితో పోట్లాట పెట్టుకోవద్దు, ఒక్కరోజు మీకు బదులు ఆవిణ్ని అన్నయ్యకు తోడుగా పంపండి. ఆ మంచం పక్కన స్టూలు మీద నాలుగు గంటలు కూర్చుని, గొట్టంలో ఎర్రగా తిరిగే రక్తం చూసొచ్చాక, ఆవిడ ప్రార్థన కూడా మారుతుందని నా నమ్మకం.

ప్రశ్న: సార్, నాకు 29. హైదరాబాద్‌లో రూమ్ తీసుకుని నాలుగేళ్లుగా గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. మా నాన్న ఆటో నడుపుతారు. దేవుడు తప్పకుండా ఇస్తాడని మా అమ్మ ధైర్యం. ప్రైవేటు ఉద్యోగంలో చేరితే దేవుణ్ని నమ్మనట్టా?
- ఒక యువకుడు

జవాబు: కాదు తమ్ముడూ, చేరు. తెలంగాణ గ్రూప్-1 సంగతి నీకు నేను చెప్పాలా? 2022 అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకుతో రద్దయింది, 2023 జూన్‌లో మళ్లీ పెడితే అదీ కోర్టులో పోయింది, 2024లో కొత్త నోటిఫికేషన్. ఆ టెన్షన్‌కి నీ విశ్వాసానికీ సంబంధం లేదు, అది ఎవరికైనా టెన్షనే. పౌలు కొరింథులో సువార్త చెబుతూనే అకుల దంపతులతో కలిసి డేరాలు కుట్టాడు, చేతిలో సూది పట్టుకున్నందుకు ఆయన పిలుపు రద్దు కాలేదు. ఉద్యోగంలో చేరి, పొద్దున రెండు గంటలు, రాత్రి రెండు గంటలు చదువుకో. మొదటి జీతంలో నాన్నకు ఆటో టైరు వేయించు. అమ్మ ధైర్యాన్ని మాత్రం కదిలించకు, నాలుగేళ్లుగా నీ రూమ్ అద్దె కట్టింది ఆ ధైర్యమే.

ప్రశ్న: మోకాళ్లూనితే ఏడుపు తప్ప మాట రావడం లేదు. ఇది ప్రార్థన అవుతుందా?
- ఒక తల్లి, కువైట్

జవాబు: అవుతుందమ్మా. షిలోహు మందిరంలో బిడ్డ కోసం ఏడ్చిన హన్నా కూడా అంతే, పెదవులు కదిలాయి గానీ మాట వినబడలేదు, యాజకుడు ఏలీ చూసి తాగి వచ్చిందనుకున్నాడు. పెద్దవాళ్లు కూడా అలా పొరబడుతుంటారు. ఆవిడ సమాధానం చెప్పుకుని, లేచి వెళ్లి భోజనం చేసిందని రాసి ఉంది. అప్పటికి ఇంకా బిడ్డ లేడు, ఏమీ మారలేదు, అన్నం మాత్రం తిన్నది. మీరు ఇవాళ ఏమైనా తిన్నారా?