స్పారింగ్‌లో తలకు దెబ్బలు: మా అబ్బాయికి చదివింది నిలవడం లేదు

ప్రశ్న: మాది నిజామాబాద్ దగ్గర పల్లె. అబ్బాయికి 17 ఏళ్లు, ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. బాక్సింగ్‌లో రాష్ట్ర స్థాయి దాకా ఆడాడు. ఆరు వారాల కింద స్పారింగ్‌లో (సాధన కోసం ఇద్దరు తలపడటం) తలకు దెబ్బ తగిలి కాసేపు బిత్తరపోయాడు. పది రోజులకే మళ్లీ తగిలింది. స్కానింగ్ బాగానే ఉందన్నారు. కానీ తలనొప్పి తగ్గలేదు, చదివింది మరిచిపోతున్నాడు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగమే తన ఆశ. ఆట మాన్పించాలా?

జవాబు: అమ్మా, స్పారింగ్ ఈ రోజే ఆపించండి. ఆట మొత్తంగా మానాలా అన్నది వేరే సంగతి, దాన్ని అబ్బాయి కోలుకున్నాక తేల్చుకోవచ్చు.

సీటీ స్కాన్‌లో తెలిసేది రక్తస్రావం, ఎముక విరగడం. కంకషన్, అంటే దెబ్బకు మెదడు అదిరి దాని పని తాత్కాలికంగా దెబ్బతినడం, అందులో కనబడదు. హుక్ (పక్క నుంచి విసిరే పంచ్) తగిలినప్పుడు తల గిర్రున తిరుగుతుంది, లోపలి మెదడు క్షణం వెనకబడి మెలిపడుతుంది. నరాల కణాల సన్నటి పోగులు సాగుతాయి. కణంలోంచి పొటాషియం బయటికి పోతుంది, కాల్షియం లోపలికి వస్తుంది. దాన్ని సరిదిద్దుకోవడానికి కణానికి ఎక్కువ శక్తి కావాలి, సరిగ్గా అప్పుడే మెదడుకు రక్తప్రసరణ తగ్గుతుంది. ఆ కోలుకునే రోజుల్లోనే మీ వాడికి రెండో దెబ్బ పడింది. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది కానీ ఈ మెలికను ఆపలేదు.

మరపు గురించి ఎక్కువగా భయపడకండి. ఈ దశలో చాలామందికి ముందు దెబ్బతినేది ధ్యాస. పాఠం లోపలికే సరిగా ఎక్కదు, అందుకే తర్వాత గుర్తుకు రాదు. చాలావరకు ఇది కోలుకుంటుంది. కానీ ఈ వయసు పిల్లల్లో లక్షణాలు నాలుగు వారాలు దాటితే వాటంతట అవే పోతాయని కూర్చోకూడదు. న్యూరాలజిస్టుకు చూపించండి. రెండు దెబ్బల తేదీలు, అప్పుడు స్పృహ తప్పిందా లేదా, ఎన్ని గంటలు నిద్రపోతున్నాడు అన్నవి కాగితం మీద రాసుకెళ్లండి. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఒక కంటిపాప పెద్దదైనా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రింగులో తలకు ఏళ్లకేళ్లు దెబ్బలు తిన్నవాళ్ల తడబాటును మార్ట్‌లాండ్ అనే వైద్యుడు 1928లోనే రాశాడు. ఇప్పుడు దాన్ని సీటీఈ అంటున్నారు. పదేపదే తగిలిన దెబ్బలతో వచ్చే మెదడు జబ్బు ఇది, ఇందులో మెదడు మడతల లోతుల్లో టౌ అనే ప్రొటీన్ పేరుకుంటుంది. 2017లో అమెరికాలో ఎన్ఎఫ్ఎల్ లీగ్‌లో ఆడిన 111 మంది అమెరికన్ ఫుట్‌బాల్ (ఒకరినొకరు ఢీకొనే ఆట) ఆటగాళ్ల మెదళ్లు పరీక్షిస్తే 110 మందిలో అది కనిపించింది. అయితే అవి కుటుంబాలు దానం చేసిన మెదళ్లు, బతికుండగానే ఇబ్బంది పడ్డవాళ్లవి చాలా ఉన్నాయి. కాబట్టి ఆడినవాళ్లందరికీ వస్తుందని లెక్కగట్టకూడదు. రెండు కంకషన్లతో వచ్చేస్తుందనీ కాదు. కానీ స్పృహ తప్పించని చిన్న దెబ్బలు కూడా లెక్కలోకి వస్తాయి, అవి పోటీల్లో కంటే స్పారింగ్‌లోనే ఎక్కువ పడతాయి. కోచ్‌తో మాట్లాడాల్సింది దీని గురించే.

చదువు: 20 నిమిషాలు చదవడం, 10 నిమిషాలు కళ్లు మూసుకోవడం. తలనొప్పి పెరగకపోతే వారానికి ఐదు నిమిషాలు పెంచండి. రాత్రి ఫోన్ వద్దు. రోజూ నడవమనండి, పూర్తిగా మంచం పట్టడం కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. ఈ వయసుకు నాడి నిమిషానికి 112 దాకా తేలిక వ్యాయామం, అది తట్టుకుంటే 142 దాకా. ఆపైన ఒంటరిగా ఫుట్‌వర్క్ (అడుగుల సాధన). మెట్టుకీ మెట్టుకీ కనీసం 24 గంటలు. మిట్స్ (కోచ్ చేతికి తొడుక్కునే మెత్తలు) మీద పంచ్‌లు, ఇతరులతో డ్రిల్స్ లక్షణాలన్నీ పోయాకే. స్పారింగ్ అన్నిటికన్నా చివర, డాక్టరు రాసిచ్చాకే. నొప్పి మాత్ర వేసుకుని 'తగ్గింది' అనడం ఇక్కడ చాలా ప్రమాదం.

ఇక ఉద్యోగం. నిఖత్ జరీన్, హుసాముద్దీన్ ఎదిగిన ఊరి పక్కన ఉండి ఆ ఆశ పెట్టుకోవడం సహజమే. కానీ రాష్ట్ర స్థాయి పోటీలో ఆడిన పత్రం ఒక్కటే కేంద్ర కొలువులకు చాలదు. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లోనో, జాతీయ స్కూల్ గేమ్స్‌లోనో, యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లోనో ఆడి ఉండాలి. రైల్వేలు ఇటీవలి ఏళ్ల ప్రదర్శననే చూస్తాయి. కాబట్టి ఈ ఒక్క సీజన్ కోసం తలను పణంగా పెట్టినా ఉద్యోగం ఖాయం కాదు. రేపు డిగ్రీలో చేరాక యూనివర్సిటీ జట్టు తలుపు తెరిచే ఉంటుంది.

రింగు వదిలినా ఆటలో ఉండొచ్చు. ఇంఫాల్‌లోని జాతీయ క్రీడా విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీఎస్సీ స్పోర్ట్స్ కోచింగ్ ఉంది. పీఈసెట్ (వ్యాయామ విద్య ప్రవేశ పరీక్ష) రాసి రెండేళ్ల వ్యాయామ విద్య డిప్లొమా (డీపీఈడీ) చేయొచ్చు, డిగ్రీ అయ్యాక అందులోనే బ్యాచిలర్ కోర్సు (బీపీఈడీ). పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) కోచింగ్ డిప్లొమాకు డిగ్రీ అయ్యాక ప్రయత్నించొచ్చు. బైపీసీ కాబట్టి మా మొదటి ఓటు ఫిజియోథెరపీకే, దెబ్బ తిన్న ఒంటి సంగతి తెలిసిన ఫిజియోలు ఆటగాళ్లకు చాలా అవసరం. ప్రవేశాల నిబంధనలు ఈ ఏటి నోటిఫికేషన్‌లో చూశాకే దరఖాస్తు చేయండి. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడేలోగా డాక్టరు రాసిన చీటీ కాలేజీలో ఇచ్చి, ప్రాక్టికల్స్, అసైన్‌మెంట్లకు కాస్త గడువు అడగండి.